సీసా మొక్కల కాపురం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు అందరితోనూ చెబుతారు. అది అబద్ధం. ముక్కు దాకా రావడానికి దానికి కొంచెం సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలో ఎదుటివాళ్ళు నోరు మూసుకుంటే ఏ గొడవా ఉండదు. కానీ మా ఇంట్లో నోరు మూసుకునే వాళ్ళెవరు?

మామగారు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, బండ్ల రాకపోకలు చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. "గమనించగలరు, భోజనం మరికొద్ది సేపట్లో వంటగది నుంచి హాల్లోకి చేరుకుంటుంది" అని వీధి చివరి దాకా వినపడేలా చెప్పందే కంచం ముందు కూర్చోరు. కూర మాడితే "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది కూడా ఆయనే. మాడ్చిన అత్తగారు మాత్రం ఏనాడూ చింతించిన పాపాన పోలేదు. ఆవిడ పొయ్యి మీద మూకుడు పెట్టారంటే ఉల్లిపాయలు చిటపటలాడటం, ఆవిడ తుమ్మడం, గరిటె కింద పడటం అన్నీ ఒకేసారి జరుగుతాయి.

ఇక మా ఆయన. ముందుగదిలో కూర్చుని హార్మోనియంలు, గిటార్లు, ఫిడేళ్ళు బాగుచేస్తాడు. ఉలకడు, పలకడు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆ ఊఁకి అర్థం తెలియక ఏడ్చేదాన్ని. ఇప్పుడు అవును, కాదు, తర్వాత చూద్దాం, నీ ఇష్టం, అన్నీ ఆ ఒక్క ఊఁలోనే విడివిడిగా వినిపిస్తాయి.

నేను పనిచేసేది ఊరి చివర ఆర్కిడ్ పూల మొక్కలు పెంచి అమ్మేచోట. సీసాలు కడుగుతాను. ఆర్కిడ్ గింజ ధూళి కన్నా సన్నం. మట్టిలో వేస్తే మొలవదు. గాజు సీసాలో జెల్లీ లాంటిది పోసి, అందులో గింజలు చల్లి, గాలి కూడా చొరబడకుండా మూత బిగించి దీపాల కింద పెడితే, నెలలు గడిచాక లోపల పచ్చటి పిల్ల మొక్కలు కనిపిస్తాయి. ఆ పనంతా అద్దాల గదిలో జరుగుతుంది. నేను కడిగిన సీసా ఆ గదిలోకి ఖాళీగా వెళ్ళి మొక్కలతో బయటికొస్తుంది. మధ్యలో ఏం జరిగిందో నేను అద్దంలోంచి చూడాల్సిందే. ఏళ్ళ తరబడి అలాగే చూశాను. నా ముక్కు ఆనించిన చోట అద్దం మీద మచ్చ పడేది. దాన్ని తుడవాల్సింది కూడా నేనే.

ఆ గది చూసుకునే ఆవిడ పని మానేసి వెళ్ళిపోయింది. నేను తిన్నగా అక్కడి పనంతా నడిపించే పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ గది నాకు కావాలని అడిగాను. నా జన్మలో కోపం లేకుండా అడిగింది అదొక్కటే. అంతగా కావాలనిపించింది. అడిగి వెనక్కి తిరిగితే చెంచా నిలబడి ఉన్నాడు, అదే అడగడానికి.

చెంచా అంటే సీసాల్లో జెల్లీ పోసే అతను. అసలు పేరు అతని జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. పెద్ద మేడమ్ దగ్గితే మంచినీళ్ళ గ్లాసుతో ప్రత్యక్షమవుతాడు, ఒక్కోసారి ఆవిడ దగ్గకముందే. నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. నా ఒళ్ళు మండింది.

పెద్ద మేడమ్ మాటలు తూకం వేసి వాడే మనిషి. మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి, చెరో సీసా చేతిలో పెట్టారు. ఒక్కో సీసాలో గుప్పెడు పిల్ల మొక్కలు, ఆకులన్నీ అద్దానికి అతుక్కుని ఉన్నాయి.

"ఇవి పుట్టాక గాలన్నది ఎరగవు" అన్నారు. "కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళగానే చచ్చిపోతున్నాయని రోజూ ఫోన్లు. వీటిని మీ ఇంటికి అలవాటు చేయండి. నేనొచ్చి చూస్తాను. ఎవరి మొక్కలు నిలబడితే గది వాళ్ళది."

ఎలా చేయాలో కూడా చెప్పారు. మొక్కల్ని సీసాలోంచి తీసి జెల్లీ కడిగేయాలి, లేకపోతే వేళ్ళు కుళ్ళుతాయి. తడి నాచులో నాటి, మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాలి. మొదట మూత మూసే ఉంచి, తర్వాత సందు ఇచ్చి, ఆ సందు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, చివరికి మూత తీసేయాలి. సందు ఇచ్చినప్పుడు పాత ఆకులు వాడిపోతాయి, అయినా కంగారు పడకూడదట. సీసాలో పెరిగిన ఆకు ఉల్లిపొరలా పల్చన, అది పోయేదే. మన గాలిలో పుట్టిన కొత్త ఆకు దళసరిగా వస్తే మొక్క మనింట్లో కుదురుకున్నట్టు లెక్క. కంగారు పడకూడదన్న మాట నేను శ్రద్ధగా విన్నాను. విన్నానే గాని అది నాకు చెప్పారనుకోలేదు. చెంచా వైపు చూస్తూ విన్నాను.

ఇంటికి తెచ్చిన సీసాని చూసి అత్తగారు దేనికని అడిగారు. చెప్పాను. పొయ్యి కట్టేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పక్కింటావిడ దగ్గరికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నేను అద్దాల గదికి అధికారినై పోయాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. ఇన్నాళ్ళూ మీ కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే "గాజు సామాను విభాగం" అని చెప్పుకునేవారట పాపం. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. ఇక గది రాకపోతే నాకే కాదు, ఆవిడకీ తల కొట్టేసినట్టవుతుంది.

మొక్కల్ని కడగడానికి ఇల్లంతా పీట చుట్టూ చేరింది. సీసాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి మెల్లగా ఊపితే జెల్లీ ముద్దతో సహా జారి పళ్ళెంలో పడ్డాయి. ఫిడేలుకి మెరుగు నూనె పూసే మెత్తటి కుంచె మా ఆయన అడక్కుండానే తెచ్చిచ్చాడు. దానితో ఒక్కొక్క వేరునీ తుడిచాను. అత్తగారు పసిపిల్లలకి నీళ్ళు పోసినట్టు వేలితో వేడి చూసి చూసి పోశారు. మామగారు ప్రతి మొక్కకీ "గమనించగలరు, చిన్న మొక్క పళ్ళెం నుంచి బయలుదేరి నాచు చేరుకున్నది" అని ప్రకటించారు. ఒకటి నా వేళ్ళలోంచి జారి పీట కిందికి పోతే "ఆలస్యంగా నడుస్తున్నది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

పెట్టెని ముందుగదిలో కిటికీ పక్కన, ఎండ నేరుగా తగలని చోట పెట్టాను. అది మా ఆయన పనిచేసే బల్ల. అతని సామాను జరపమంటే ఊఁ అన్నాడు. నీ ఇష్టం ఊఁ.

మూత మూసి ఉన్నన్నాళ్ళూ మొక్కలు నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. పని నుంచి రాగానే చేతులైనా కడుక్కోకుండా పెట్టె ముందు కూర్చునేదాన్ని. మొదటిసారి మూతకి సందు ఇచ్చిన సాయంత్రం చూస్తే ఆకులన్నీ తలలు వాల్చేశాయి. మూత టక్కున మూసేశాను. కాసేపటికి లేచి నిలబడ్డాయి. మళ్ళీ సందు ఇచ్చాను, మళ్ళీ పడిపోయాయి. చెంచా చిరునవ్వు కళ్ళ ముందు కనిపించింది.

అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. వెలగకపోయినా బాగుండేది. తప్పు మొక్కల్లో లేదు, మా గదిలో ఉంది. గది పొడిగా ఉంది. గదిని కూడా పెట్టె లోపలిలా తడిగా ఉంచితే, మూత తీసినా వాటికి తెలియదు కదా!

కిటికీ సందులకి గోధుమరంగు టేపు అంటించాను. దుప్పట్లు తడిపి తాళ్ళ మీద ఆరేశాను, ఆరకుండా. మూల ఒక కరెంటు పొయ్యి పెట్టి దాని మీద కెటిల్లో నీళ్ళు మరుగుతూ ఉండే ఏర్పాటు చేశాను. ఫ్యాను స్విచ్చి మీద కూడా టేపు వేశాను. ఇన్ని చేసి మూతకి సందు ఇస్తే ఒక్క ఆకు వాలితే ఒట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అయితే ముందుగది తలుపు తీసినప్పుడల్లా హాల్లోంచి పొడిగాలి వచ్చేది. అందుకని హాల్లో కూడా దుప్పట్లు కట్టాను. హాల్లోకి వంటగది నుంచి పొగ వచ్చేది. అందుకని వేపుళ్ళు బంద్ చేశాను. అన్నీ ఉడకబెట్టడమే, ఆవిరి కూడా కలిసొస్తుంది. అత్తగారు మూకుడుని కడిగి, తుడిచి, అలమారలో పైన బోర్లించారు. బోర్లించేటప్పుడు దాని వీపు ఒకసారి నిమిరారు.

"ఇది ఇల్లా, చెరువా అమ్మాయ్?" అన్నారు.

నేను తిరిగి చూశాను. నా ముక్కు వైపు చూసి ఆవిడ ఊరుకున్నారు.

మామగారి సంగతి మొదట్లో బాగానే ఉండేది. ఆయన గట్టిగా ప్రకటన చేస్తే నోటి నుంచి సన్నటి తుంపర పడుతుంది. పెట్టె ముందు నిలబెట్టి స్టేషన్ల పేర్లన్నీ చెప్పించాను. కానీ ఆయన 'భ' అన్నప్పుడల్లా ఆకులు ఊగడం గమనించి, గాలి తగులుతోందని భయపడి ప్రకటనలు నిషేధించాను. ఏం చెప్పినా గుసగుసగా, గోడ వైపు తిరిగి చెప్పాలి. అంత మనిషి కుక్కిన పేనులా అయిపోయారు. భోజనాల వేళ గోడకి దగ్గరగా నిలబడి ఏదో గొణుక్కునేవారు. ఏ బండి ఎక్కడికి చేరుకుంటోందో ఎవరికీ తెలిసేది కాదు.

చెప్పకూడదు గానీ, మొక్కలు మాత్రం కళకళలాడిపోయాయి. సందు పెంచాను, సగం తీశాను, చివరికి మూత పూర్తిగా తీసేసి అటక మీద పడేశాను. ఒక్క ఆకు రాలలేదు. కొత్త ఆకులు కూడా వచ్చాయి. అవి కూడా పాతవాటిలాగే పల్చగా, నాజూగ్గా ఉన్నాయి. అబ్బ, ఎంత సుకుమారంగా ఉన్నాయో అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారే, ఆ కుందేలు నా ఒళ్ళోనే కూర్చుని ఉంది.

ఈలోగా ఇల్లు తన పని తాను చేసుకుపోతోంది. ఉప్పు డబ్బా బోర్లించి కొట్టినా ఉప్పు రాలడం మానేసింది. అగ్గిపుల్ల వెలగడం మానేసింది. మామగారి పేపరు చేత్తో పట్టుకుంటే తువ్వాలులా వేలాడేది. చెప్పుల మీద పచ్చగా ఏదో మొలిచింది. అదేదో కొత్త జాతి అనుకుని నేను జాగ్రత్తగా పక్కన పెట్టాను. గిటార్ తీగలు ఎంత బిగించినా సాయంత్రానికి వదులైపోయేవి. బాగైందని పట్టుకెళ్ళిన హార్మోనియం ఒకటి మర్నాడే వెనక్కి వచ్చింది. ఏ మెట్టు నొక్కినా జలుబు చేసిన మనిషి ఆవులించినట్టు ఒకటే చప్పుడు. మా ఆయన దాన్ని కాసేపు చూసి ఊఁ అన్నాడు. అలాంటి ఊఁ నేనెప్పుడూ వినలేదు. అర్థం అడిగే తీరిక నాకు లేదు, కెటిల్లో నీళ్ళు అయిపోవస్తున్నాయి.

తలుపు చెక్క ఉబ్బి వీధి తలుపు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాదు. అది మరీ మంచిదైంది, పొడిగాలి రాదు. అందరం పెరటి తలుపులోంచి, అది కూడా ఎప్పుడు పడితే అప్పుడు కాకుండా, ఒక గుంపుగా వెళ్ళి ఒక గుంపుగా వచ్చేవాళ్ళం. పక్కింటావిడ మాత్రం అత్తగారి బుగ్గల నునుపు చూసి ఏం రాస్తున్నారని ఆరా తీసింది. అత్తగారు చెప్పలేదు. ఆవిడతో అన్ని రహస్యాలూ చెప్పే మనిషి, ఇది ఒక్కటి మాత్రం కడుపులో దాచుకున్నారు.

ఇంట్లో ఎవరూ నాకు ఎదురు చెప్పడం లేదు. నా కోపానికి భయపడి దారికొచ్చారనుకున్నాను. నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను కూడా.

పెద్ద మేడమ్ రానే వచ్చారు. బయటి నుంచి తలుపు తట్టారు. పెరట్లోంచి రమ్మని అరుద్దామంటే నా ఇంట్లో అరవడం నేనే నిషేధించాను. మామగారు, మా ఆయన లోపలి నుంచి గొళ్ళెం పట్టుకుని లాగారు. బయట ఆవిడకీ ఏమనిపించిందో, భుజంతో ఒక తోపు తోశారు. తలుపు ఒక్కసారిగా ఊడినట్టు తెరుచుకుని, పెద్ద మేడమ్ సంచీతో సహా తిన్నగా వచ్చి తడి దుప్పట్లో చుట్టుకున్నారు. దుప్పట్లో మనిషి ఎటు కదులుతోందో అర్థం కాక మేము ముగ్గురం మూడు వైపులా లాగాం. బయటపడ్డాక కళ్ళజోడు మీద ఆవిరి పట్టి ఆవిడకి ఏమీ కనిపించలేదు. తుడిచి పెట్టుకున్నారు. మళ్ళీ పట్టింది. మూడోసారికి కళ్ళజోడు తీసి సంచిలో పడేశారు.

నేను ఛాతీ విరుచుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. మొక్కలు మూత లేకుండా, ఒకదాన్ని మించి ఒకటి పచ్చగా నవ్వుతున్నాయి. పెద్ద మేడమ్ వంగి కళ్ళు చికిలించి చూశారు. ఒక కొత్త ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టి చూశారు. ఆ తర్వాత దుప్పట్లని చూశారు, కెటిల్ని చూశారు, కిటికీ టేపుని చూశారు, గోడ వైపు తిరిగి నిలబడ్డ మామగారిని చూశారు.

"ఆ కిటికీలు తెరవండి" అన్నారు.

మా ఆయన వెళ్ళి టేపు పీకాడు. అది చర్రుమని ఊడింది. రెక్కలు తెరుచుకోగానే వీధిలోంచి గాలి గుప్పున వచ్చింది. ఎండ వాసన, ఎవరో కారం దంచుతున్న ఘాటు, సైకిలు గంట, అన్నీ కలిసి ఒకేసారి లోపల పడ్డాయి. అత్తగారు గట్టిగా తుమ్మారు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ తుమ్ము.

పెద్ద మేడమ్ కుర్చీ లాక్కుని పెట్టె ఎదురుగా కూర్చున్నారు. అత్తగారిచ్చిన టీ నెమ్మదిగా తాగుతూ మొక్కల్ని చూశారు. మేమూ చూశాం. కప్పు సగమయ్యే లోపు మొదటి ఆకు వంగింది. దాని పక్కది వంగింది. కప్పు ఖాళీ అయ్యేసరికి పెట్టెలో అన్నీ సాష్టాంగపడ్డాయి.

"మొక్కల్ని ఇంటికి అలవాటు చేయమన్నాను" అన్నారు పెద్ద మేడమ్. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. "నువ్వు ఇంటిని మొక్కలకి అలవాటు చేశావు. మూత తీయలేదు నువ్వు. మీ అందరి మీదా పెట్టావు."

భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. చెంచా సంగతి నేనడక్కుండానే చెప్పారు. అతను రోజుకి పదిసార్లు మొక్కలకి మంచినీళ్ళు అందించాడట, అవి దగ్గకముందే. అన్నీ కుళ్ళిపోయాయి. ఇంకో సీసా ఇస్తానంటే అతను తీసుకోబోయాడుగానీ, అతని భార్య గుమ్మం దగ్గరే లాక్కుని తిరిగి ఇచ్చేసిందట. మొక్కల పేరు చెప్పి అతను ఇంట్లో వాళ్ళ చేత కూడా వేళకి నీళ్ళు తాగించాడని, ఇక తనవల్ల కాదని చెప్పిందట.

పెద్ద మేడమ్ ఆ సీసా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, నాకు ఇంకొక అవకాశం ఇవ్వడానికి అభ్యంతరం లేదనీ అన్నారు. కాకపోతే ఈసారి నన్నడగరట, ఇంట్లో వాళ్ళనే అడుగుతారట. ఇన్నాళ్ళూ ఈ నీళ్ళలో మీరంతా ఎలా బతికారని వాళ్ళనడిగారు.

అత్తగారు బాగానే ఉన్నామన్నారు. మా ఆయన ఊఁ అన్నాడు. ఇద్దరూ నీళ్ళు నములుతున్నారని తెలుస్తూనే ఉంది. మామగారు మాత్రం గోడ దగ్గర నుంచి ఇటు తిరిగారు. కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు. ఇక ఆగలేకపోయారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

"గమనించగలరు" అన్నారు, వీధి చివరి దాకా వినపడేలా. "తేమ కారణంగా మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, రాత్రిళ్ళు నిద్ర లేకుండా నడుస్తున్నది. మా అబ్బాయి హార్మోనియంలన్నీ స్నేహితుడి ఇంటి మేడ మీదకి తరలించబడినవి. కోడలికి ఈ సమాచారం ఉద్దేశపూర్వకంగా ఇవ్వలేదు. కోడలు పని నుంచి రాగానే ఆ పెట్టె ముందు కూర్చుని తనలో తాను నవ్వుకుంటున్నది. ఆ నవ్వు ఈ ఇంట్లో ఇంతకు ముందు ఎవరూ చూసి ఉండలేదు. కావున ఈ అసౌకర్యానికి ఎవరూ చింతించడం లేదు."

అన్నాక ఆయనకే సిగ్గేసి మళ్ళీ గోడ వైపు తిరిగారు.

నేను అత్తగారి కాళ్ళ వైపు చూశాను. చీర అంచు కింద మోకాళ్ళకి ఉన్ని గుడ్డ చుట్టిన ఉబ్బు కనిపించింది. రోజూ పక్కనే తిరిగాను. ఉప్పు గడ్డకట్టింది చూశాను, చెప్పుల మీద బూజు చూశాను, ఇది చూడలేదు. నా కోపానికి భయపడ్డారని గర్వపడ్డానే, ఆ గర్వం ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. నా మీద నాకు వచ్చినంత కోపం ఇంతవరకూ ఎవరి మీదా రాలేదు. అది ముక్కు దాకా రాకుండా కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

అద్దాల గది నాకు ఎంత కావాలో నాకు తెలుసు. అయినా సీసా తీసుకుని పెద్ద మేడమ్ వైపు జరిపాను.

"వద్దండి" అన్నాను. "నేను సీసాలే కడుక్కుంటాను. మా వాళ్ళు ఇక తడవలేరు."

పెద్ద మేడమ్ చెయ్యి చాచారు. ఆ చేతికీ సీసాకీ మధ్య ఇంకో చెయ్యి వచ్చింది. అత్తగారు ఎప్పుడు లేచారో, బల్ల పట్టుకుని, ఒక్కో మోకాలికీ ఒక్కో మూలుగు చెల్లించి వచ్చి, సీసాని తన కొంగులోకి తీసుకున్నారు. ఇది మా ఇంట్లోనే ఉంటుందమ్మా అని పెద్ద మేడమ్‌తో చెప్పారు. పక్కింటావిడకి మాటిచ్చేశానని కూడా చెప్పారు. మా ఆయన ఊఁ అన్నాడు. అది అవును అనే ఊఁ. ఆ మాత్రం నాకు తెలుసు.

అత్తగారు సీసాతో వంటగదిలోకి నడిచారు. వెనకే మేమంతా వెళ్ళాం, పెద్ద మేడమ్ కూడా. అక్కడి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, సీసాని పొయ్యికి దూరంగా గట్టు మీద పెట్టారు. మా ఆయన అలమార పై అరలోంచి మూకుడు దించి ఇచ్చాడు. మూడు అగ్గిపుల్లలు వృథా అయ్యాక నాలుగోది వెలిగింది. మూకుడు కాగుతుంటే ఆవిడ సీసా మీదకి వంగి, కొత్త కోడలికి ఇంటి పద్ధతి చెప్పినట్టు గంభీరంగా చెప్పారు.

"చూడండమ్మా. ఈ ఇంట్లో వేపుళ్ళు వేయిస్తాం, పొగొస్తుంది. మావారు అరుస్తారు. మా అబ్బాయి పలకడు. మా కోడలికి కోపమెక్కువ. మెల్లిగా అలవాటు పడండి. మేం పడలేదూ?"